పిల్లికి షుగర్: పొద్దున రీడింగ్ 340 వచ్చిందని ఇన్సులిన్ పెంచేస్తున్నారా? ఆ ఒక్క అంకెను నమ్మొద్దు..

గిన్నెలో నీళ్లు పోసిన గంటకే ఖాళీ అయిపోతున్నాయి. లిట్టర్ ట్రేలో ఇసుక మునుపటి కంటే పెద్ద ముద్దలు కడుతోంది. తిండి అడిగి మరీ తింటోంది, అయినా వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. పెరట్లో మూత్రం పోస్తే ఆ చోట చీమలు పడుతున్నాయి. వయసు మళ్లిన పెంపుడు పిల్లిలో ఇవన్నీ కనిపిస్తే వెటర్నరీ డాక్టర్లు మొదట అనుమానించే వాటిలో షుగర్ ఒకటి. అవును.. పిల్లులకూ షుగర్ వస్తుంది. బొద్దుగా ఉండి, ఇంట్లోంచి కదలని, ఆపరేషన్ చేయించిన మగ పిల్లుల్లో ఎక్కువగా వస్తుంది. స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడిన పిల్లులకూ ముప్పే.

ఇది మనుషుల్లో వచ్చే టైప్-2 షుగర్ లాంటిదే. అయితే మనకు సాధారణంగా మాత్రలతో మొదలుపెడతారు, పిల్లికి మాత్రం చాలాసార్లు తొలిరోజు నుంచే ఇన్సులిన్. రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో. ఇంజెక్షన్ అనగానే భయపడతారు గానీ అదేమంత కష్టం కాదు. పక్కటెముకల దగ్గర చర్మాన్ని కాస్త పైకి లేపి సన్నటి సూదితో వేస్తే, చాలా పిల్లులు గిన్నెలోంచి తల కూడా ఎత్తవు. అసలు చిక్కంతా డోసు ఎంత అన్న దగ్గరే. నిర్ణయించాల్సింది డాక్టరే. కానీ దానికి కావాల్సిన అంకెలు రావాల్సింది మాత్రం ఇంటి నుంచే.

ఆస్పత్రిలో 300.. ఇంట్లో 130!

ఆరోగ్యంగా ఉన్న పిల్లి రక్తంలో గ్లూకోజ్ దాదాపు 70 నుంచి 150 మధ్య ఉంటుంది. మనుషులకు లెక్కించినట్టే డెసిలీటర్‌కు మిల్లీగ్రాముల్లో. 250 దాటి 280 ప్రాంతానికి వచ్చేసరికి కిడ్నీలు ఆ చక్కెరను ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. దాహం, మూత్రం పెరగడం అక్కడి నుంచే.

పిల్లి భయపడితే షుగర్ లేకపోయినా రీడింగ్ పైకి ఎగబాకుతుంది. బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకెళ్లి, పక్కన కుక్కలు మొరుగుతుండగా టేబుల్ మీద పట్టుకుని రక్తం తీస్తే 300 రావడం వింతేమీ కాదు. అందుకే ఒక్క రక్త పరీక్షతో షుగర్ ఉందని తేల్చరు. మూత్రంలో గ్లూకోజ్ ఉందా అని చూస్తారు, అవసరమైతే ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష చేయిస్తారు. గడిచిన రెండు మూడు వారాల సగటు ఎలా ఉందో ఇది చెబుతుంది. ఆ గంట భయం ఈ పరీక్షను మార్చలేదు.

ఇంట్లో చూసే రీడింగ్‌కు విలువ ఎక్కువ ఉండేది కూడా ఇందుకే. చెవి అంచున సన్నటి రక్తనాళం ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను చెవికి కాసేపు ఆనించాలి. తడి తుడిచేసి, అంచున పెట్రోలియం జెల్లీ పలుచగా రాస్తే రక్తం వెంట్రుకల్లోకి పాకిపోకుండా బొట్టులా నిలుస్తుంది. చెవి వెనక దూది పెట్టి పొడవాలి. లేదంటే సూది మీ వేలిలోకి దిగుతుంది! తర్వాత కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, పిల్లికి ఇష్టమైన ముక్క ఒకటి పెట్టండి. వారం తిరిగేసరికి చాలా పిల్లులు ఆ ముక్క కోసమే వచ్చి కూర్చుంటాయి.

మీటర్ విషయంలో ఒక జాగ్రత్త. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తానికి సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుంది. జంతువుల కోసం తయారుచేసిన ఆల్ఫాట్రాక్ లాంటి మీటర్లు ఉన్నాయి, కాకపోతే స్ట్రిప్‌లు ఖరీదు. ఏది వాడినా దాన్నే వాడండి, ఏది వాడుతున్నారో డాక్టర్‌కు చెప్పండి. ఈ రోజు ఒకదానితో, రేపు మరోదానితో చూస్తే ఆ అంకెలను పోల్చలేం. చర్మానికి అతికించే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్‌ను కూడా ఇప్పుడు పిల్లులకు వాడుతున్నారు. మనుషులకు 14 రోజులు పనిచేస్తుంది, పిల్లుల ఒంటి మీద తరచూ అంతకంటే ముందే ఊడిపోతుంది. షుగర్ బాగా పడిపోయినట్టు సెన్సర్ చూపిస్తే మీటర్‌తో ఒకసారి సరిచూసుకోవాలి.

పొద్దున అంకె ఒకటే.. కథలు రెండు

ఇన్సులిన్ పనితీరు తెలియాలంటే 12 గంటల గ్రాఫ్ కావాలి. దీన్నే గ్లూకోజ్ కర్వ్ అంటారు. ఉదయం తిండి, ఇంజెక్షన్ కంటే ముందు ఒక రీడింగ్, ఆ తర్వాత సాయంత్రం ఇంజెక్షన్ వేళ వరకు ప్రతి రెండు గంటలకు ఒకటి. రీడింగ్ 150 కంటే కిందకు వస్తే గంటకోసారి.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు పిల్లులున్నాయి, రెండింటికీ పూటకు 2 యూనిట్లు. మొదటి పిల్లికి ఉదయం 7 గంటలకు 340 ఉంది. 9కి 270, 11కి 190, ఒంటిగంటకు 120, 3కి 145, 5కి 230, రాత్రి 7కి 320. రెండో పిల్లికి కూడా ఉదయం 340తోనే మొదలైంది. 9కి 180, 11కి 62, ఒంటిగంటకు 75, 3కి 210, 5కి 360, రాత్రి 7కి 400.

ఉదయం, రాత్రి అంకెలు మాత్రమే చూసేవాళ్లు రెండింటికీ డోసు పెంచాలంటారు. రెండో పిల్లికి ఇంకాస్త ఎక్కువే పెంచుతారు. అక్కడే ప్రాణం మీదకు వస్తుంది. మొదటి పిల్లికి డోసు సరిపోయింది, మార్చాల్సిన పనిలేదు. రెండో పిల్లికి డోసు ఎక్కువైంది, తగ్గించాలి. పొద్దున 11కి అది 62 దగ్గర ఉంది. షుగర్ మరీ పడిపోతే శరీరం దాన్ని తన సొంత హార్మోన్లతో పైకి లాగుతుంది, ఒక్కోసారి ఆ ఊపులో రాత్రికి ఇంకా పైకి పోతుంది. పిల్లుల్లో ఇలా ఎంత తరచుగా జరుగుతుందన్న దాని మీద డాక్టర్ల మధ్య వాదన ఉంది. ఆ వాదన ఎటు తేలినా 62 మాత్రం 62నే.

డోసును ప్రధానంగా నిర్ణయించేది ఈ కనిష్ఠ రీడింగే. అది 80 నుంచి 150 మధ్య ఉండాలన్నది సాధారణ లక్ష్యం. 80 కంటే తక్కువకు వెళ్తే పైన ఎన్ని వందలున్నా డోసు తగ్గిస్తారు. రోజంతా 150 పైనే ఉండి, దాహం, బరువు తగ్గడం ఆగకపోతే పెంచుతారు. అది కూడా అర యూనిట్ నుంచి ఒక యూనిట్ వరకే. పెంచాక కనీసం వారం ఆగాలి. కొత్త డోసుకు శరీరం సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపే మళ్లీ పెంచితే రెండు పెంపుల ప్రభావం ఒకేసారి మీద పడుతుంది.

రోజంతా షుగర్ 100 లోపే ఉండాలని మనుషుల లెక్క పెట్టుకోవద్దు. ఎక్కువసేపు 80కీ 300కీ మధ్య ఉండి, నీళ్లు మామూలుగా తాగుతూ, బరువు నిలబడి, ఆడుకుంటోందంటే ఆ పిల్లి బాగున్నట్టే. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని మడమలు నేలకు ఆనించి నడిచే పిల్లులు కూడా అదుపులోకి వచ్చాక మెల్లగా పైకి లేచి నడవడం చూస్తాం.

ఎర్ర మూత, నారింజ మూత

మన దగ్గర మరో ప్రమాదం మెడికల్ షాపులోనే మొదలవుతుంది. ఇక్కడ ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు ఉండేవి కొన్ని, 100 యూనిట్లు ఉండేవి కొన్ని. సిరంజిలూ రెండు రకాలే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్ 100 రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు తీస్తే మీరు ఒక యూనిట్ అనుకుంటారు, పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర! నాలుగు కిలోల ప్రాణికి ఇది చిన్న తేడా కాదు. జంతువుల కోసమే వచ్చే కానిన్సులిన్, ప్రోజింక్ 40 రకం. వాటిని నారింజ మూత సిరంజితో తీస్తే సగం డోసు కూడా అందదు. షాపువాళ్లు ఏది చేతికిస్తే అది తెచ్చుకోవద్దు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని చూసుకోండి. అర యూనిట్ గీతలుండే చిన్న సిరంజి దొరికితే ఇంకా మంచిది.

ఇంకో మాట. ఫ్రిజ్‌లో తాతయ్య ఇన్సులిన్ ఉంది కదా అని అదే వేయొద్దు. మనుషులకు రాసే 30/70 మిక్స్ రకాలు పిల్లి రోజువారీ వాడకానికి పనికిరావు. ఇంట్లో ఉన్న షుగర్ మాత్రలూ అంతే. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్ పక్కన గడ్డకట్టిందంటే పారేయాల్సిందే.

తినకపోతే సూది వద్దు.. ముందు ఫోన్

ఇంజెక్షన్ వేళకు పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా అలవాటుగా పూర్తి డోసు వేసేయకూడదు. డాక్టర్‌తో మాట్లాడాకే ఏదైనా. ఎంత రీడింగ్ కంటే తక్కువ ఉంటే ఇంజెక్షన్ ఆపాలో ఆ అంకెను మొదటి రోజే రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు సాధారణంగా 200 దగ్గర గీత గీస్తారు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెట్టింపు వేయొద్దు. ఇంజెక్షన్ వేశారో లేదో గుర్తులేకపోతే, ఇంట్లో మరొకరు వేసేశారేమో తెలియకపోతే, ఆ పూటకు వదిలేయడమే మేలు. ఒక పూట షుగర్ పెరిగితే ప్రాణం పోదు, పడిపోతే గంటల్లోనే పోవచ్చు.

షుగర్ పడిపోయిన పిల్లి తూలుతుంది, వణుకుతుంది, శూన్యంలోకి చూస్తుంది. కొన్ని ఉన్నట్టుండి ఆకలితో అరుస్తాయి, కొన్ని మంచం కిందకు దూరిపోతాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. రీడింగ్ 60 కంటే కిందకు వెళ్లినా ఏ లక్షణమూ చూపని పిల్లులున్నాయి, అందుకే చూసి చెప్పేస్తానన్న ధీమా పనికిరాదు. తినగలిగితే వెంటనే తిండి పెట్టి, దానిలో కాస్త తేనె కలపాలి. స్పృహ సరిగా లేకపోతే తేనె గానీ, చిక్కగా కలిపిన గ్లూకోజ్ గానీ చిగుళ్లకు పూయాలి. నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఫిట్స్‌లో ఉంటే వేళ్లు పళ్ల మధ్య పెట్టొద్దు. పూస్తూనే ఆస్పత్రికి బయల్దేరాలి. తేరుకుంది కదా అని ఆగిపోవద్దు, ఇన్సులిన్ ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది.

రెండో వైపూ ప్రమాదం ఉంది. షుగర్ ఎక్కువగా ఉండి, పిల్లి తిండి మానేసి, వాంతులతో నీరసంగా పడి ఉంటే అది కీటోన్ల సమస్య కావచ్చు. మెడికల్ షాపుల్లో దొరికే మూత్రం స్ట్రిప్‌తో కీటోన్లు తెలుస్తాయి. ఉన్నాయంటే తెల్లారేదాకా ఆగే కేసు కాదు.

పెరుగన్నం మానేస్తే డోసూ మారాలి

మన ఇళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం మామూలే. పిల్లి మాంసం తిని బతికే జంతువు, అంత అన్నం దానికి భారమే. ప్యాకెట్‌లో వచ్చే గట్టి గుళికల ఆహారంలోనూ పిండి పదార్థం ఎక్కువే. షుగర్ తేలాక ఉడికించిన చికెన్, చేప ఎక్కువగా ఉండే తిండికో, తడి ఆహారానికో మార్చమంటారు. మంచిదే. కానీ తిండి మార్చిన రోజు నుంచే షుగర్ దిగడం మొదలవుతుంది. ఇన్సులిన్ మాత్రం పాత లెక్కలోనే వేస్తూ పోతే ఏమవుతుందో పైన చూశాం. తిండి మార్చే ముందే డాక్టర్‌కు చెప్పాలి, ఆ వారం రీడింగులు ఎక్కువసార్లు చూడాలి. ఉత్త చికెన్ ఒక్కటే పెట్టినా అన్ని పోషకాలూ అందవు, దాన్నీ డాక్టర్‌తోనే మాట్లాడుకోవాలి.

డోసు పూటకు 5 యూనిట్లు దాటినా షుగర్ దిగడం లేదంటే ఇంకా పెంచడం కాదు, కారణం వెతకాలి. చెడిపోయిన పళ్లు, మూత్ర ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్లు, పాడైపోయిన ఇన్సులిన్.. ఏదైనా కావచ్చు. గ్రోత్ హార్మోన్ మితిమీరి తయారయ్యే అక్రోమెగలీ కూడా అనుకున్నంత అరుదేమీ కాదు. బ్రిటన్‌లో 1,221 షుగర్ పిల్లులపై చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో దాదాపు పావు వంతు పిల్లుల్లో దాన్ని సూచించే హార్మోన్ స్థాయి కనిపించింది.

ఇక సూది లేకుండా మాత్రలు లేవా అంటే.. అమెరికాలో ఎఫ్‌డీఏ 2022 డిసెంబర్‌లో బెక్సాక్యాట్ మాత్రను, 2023 ఆగస్టులో సెన్వెల్గో ద్రవాన్ని పిల్లులకు అనుమతించింది. అయితే ఇప్పటికే ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లులకు వీటిని ఇవ్వకూడదన్నది షరతు. వీటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగిపోయే ప్రమాదం ఉంది.

షుగర్ తేలిన తొలి నెలల్లోనే బాగా అదుపులోకి తెస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మనుషుల్లో టైప్-1 వాళ్లకు లేని అదృష్టం ఇది. డోసు తగ్గిస్తూ తగ్గిస్తూ అర యూనిట్‌కు వచ్చి, అయినా రీడింగులు మామూలుగానే ఉంటే డాక్టర్ ఇంజెక్షన్ ఆపేస్తారు. అప్పుడు మీటర్‌ను అటక మీద పెట్టేయకండి. మొదట్లో వారానికోసారైనా చెవి నుంచి ఒక బొట్టు తీసి చూడాలి. ఆ తర్వాత కూడా నీళ్ల గిన్నె మీద ఒక కన్నేసి ఉంచండి. మళ్లీ వచ్చేటప్పుడు మొదట తెలిసేది అక్కడే.