స్విచ్ మీద వేలు

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, అరోరా ఎయిర్‌పోర్టు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. రెండు సీట్ల ఆర్‌వీ-7లో మీరు కుడివైపు ఒదిగి కూర్చున్నారు. భుజం రాసుకుంటున్న పక్కాయన ఈ విమానాన్ని తన గ్యారేజీలో ఒక్కొక్క రివెట్టూ కొట్టి తయారుచేసుకున్నాడు.

ఇంజిన్ ఇంకా స్టార్ట్ కాలేదు. ఆయన పెట్రోలు తోడే కరెంటు పంపు స్విచ్ వేశాడు. మీ ఇద్దరి మధ్య, నేల మీది మూత కింద టకటకటక. గొట్టం నిండేకొద్దీ ఆ చప్పుడు నెమ్మదించింది. పెట్రోలు ఒత్తిడి డయల్లో ముల్లు 5 పీఎస్ఐకి లేచింది. పంపు బాగుంది. ఆపేశాడు.

ఇంజిన్ అందుకుంది. ఇప్పుడు ముల్లును నిలబెడుతున్నది రెండో పంపు. ఇంజిన్ వెనక బిగించి ఉంటుంది. దాని లోపలి పొరను ఇంజినే ఆడిస్తుంది, కరెంటుతో పనిలేదు. మొదటిదానికి ఇంజిన్‌తో పనిలేదు. ఒకదాన్ని చంపే కారణం రెండోదాని జోలికి పోకూడదు, జోడీ అంటే అదీ. కంప్యూటర్ ఇంజెక్షన్ పెట్టుకున్న కొందరికి రెండూ కరెంటు పంపులే. రెండిటికీ ఒకే ఫ్యూజు పెడితే రెండున్నా లేనట్టే.

కార్బురేటర్ ఉన్న పాత సెస్నా 172లో రెక్కలు పైన, పెట్రోలు తనే జారి వస్తుంది. ఇక్కడ రెక్కలు కింద. ఎవరో ఒకరు తోడిపోయాలి.

రన్‌వే మొదట్లో రెండూ ఆన్. లేచారు. తూర్పున మౌంట్ హుడ్ తెల్లగా మెరుస్తోంది, మీ కళ్లు అటే పోయాయి. నాకు మాత్రం అసలు భయం ఈ నిమిషమే. ఇప్పుడు ఇంజిన్ పంపు ఆగిపోయినా ముల్లు చెప్పదు. కరెంటు పంపు ఆ లోటును కప్పేస్తుంది.

వెయ్యి అడుగులు. ఆయన మాటలు ఆపేశాడు. దిగడానికి అనువైన కోసిన పొలం ఒకటి ముందే చూసుకుని, గడ్డంతో అటు చూపించాడు. స్విచ్ కిందికి నొక్కి కరెంటు పంపు ఆపాడు. వేలు తియ్యలేదు.

ముల్లు 5 నుంచి జారింది. నాలుగున్నర. నాలుగు. ఈ లైకమింగ్ ఇంజిన్ కార్బురేటర్‌కి ఒత్తిడి అర పీఎస్ఐ కంటే తగ్గకూడదు. నాలుగు దగ్గర కాస్త వణికి, ఆగింది. ఇంజిన్ హోరు మారలేదు. ఆయన లోలోపల పది లెక్కపెట్టి, అప్పుడు వేలు తీశాడు.

అరగంట తర్వాత ఎడమ ట్యాంకు నుంచి కుడి ట్యాంకుకి మార్చేముందు మళ్లీ అదే స్విచ్ వేశాడు. ఈసారి టకటక వినపడలేదు. ముల్లు మాత్రం ఒక గీత పైకి లేచింది.