వందేళ్లు ఆలస్యమైన క్యాసెట్

2000 జనవరి. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ నగరం పక్కనున్న కొలోనీ పట్టణం. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపులో ఒకాయన కౌంటర్ మీద క్యాసెట్ పెట్టాడు. జాన్ ట్రవోల్టా సినిమా ‘ద జనరల్స్ డాటర్’. కంప్యూటర్ తెర మీద ఆయన బాకీ కనిపించింది.

91,250 డాలర్లు!

లెక్క తప్పలేదు. ఏడాదికి 365 రోజుల చొప్పున వందేళ్లంటే 36,500 రోజులు. రోజుకు రెండున్నర డాలర్ల చొప్పున గుణించండి, సరిగ్గా అంతే వస్తుంది. రెండంకెల ఏడాది దగ్గర తడబడి, క్యాసెట్ వందేళ్లు ఆలస్యంగా వచ్చిందని కంప్యూటర్ నమ్మింది. యజమాని ఆ బాకీ కొట్టేసి, ఇంకో సినిమా ఉచితంగా ఇచ్చి పంపాడు.

ఎదురుగా మనిషి నిలబడ్డాడు కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరికిపోయింది. రాత్రిపూట వాటంతటవే నడిచే ప్రోగ్రాముల ముందు ఎవరు నిలబడతారు? నా భయమంతా అదే.

ఒరాకిల్ డేటాబేస్‌నే తీసుకోండి. టేబుల్‌లో ప్రతి తేదీకీ ఏడు బైట్లుంటాయి, అందులో ఒకటి శతాబ్దానికే. దాచుకున్న చోట చిక్కు లేదు. చిక్కంతా తేదీ లోపలికి వెళ్లేటప్పుడే. ‘వైవై’ అనే పాత డీఫాల్ట్ ఫార్మాట్, రెండంకెల ఏడాది ముందు అప్పుడు నడుస్తున్న శతాబ్దాన్నే తగిలిస్తుంది. 1999 డిసెంబరులో ‘00’ కొడితే 1900. నెల తిరిగాక ‘99’ కొడితే 2099! అమీర్‌పేటలో కోర్సులు చేసి అమెరికా వెళ్లిన మన పిల్లలు ఎందరో ఇలాంటి రెండంకెల ఏళ్లను వెతికి సరిచేస్తూనే ఉద్యోగం మొదలుపెట్టారు.

తర్వాత డీఫాల్ట్ ‘ఆర్‌ఆర్’ అయింది. ఇప్పుడు 00 నుంచి 49 దాకా కొడితే ఈ శతాబ్దం, 50 నుంచి 99 దాకా కొడితే పోయిన శతాబ్దం. క్యాసెట్ల షాపుకు అది చాలు. మరి 1948లో పుట్టిన పెద్దాయన సంగతి? ‘48’ అని కొడితే ఆయన ఇంకా పుట్టనే లేదు, 2048లో పుడతాడు. ఎర్రర్ కూడా రాదు.

డీఫాల్ట్ మార్చేస్తే గండం గడిచిందనుకునే వాళ్లను చూస్తే దిగులేస్తుంది. సర్వర్‌లో ఎన్‌ఎల్‌ఎస్ డేట్ ఫార్మాట్ మార్చినా, క్లయింట్ వైపు వేరే ఎన్‌ఎల్‌ఎస్ సెట్టింగ్ ఉంటే ఆ సెషన్‌లో అదే నెగ్గుతుంది. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి ఒకే తేదీ రెండు రకాలుగా కనిపించవచ్చు. డీఫాల్ట్‌ను నమ్ముకోకండి. టు_డేట్ రాసిన ప్రతిచోటా ఫార్మాట్ కూడా రాయండి, ఏడాదిని నాలుగంకెల్లో ఇవ్వండి. ఇప్పటికే నిండిన టేబుళ్లలో, పుట్టిన తేదీ ఇవాళ్టి కన్నా ముందుకు పోయిన రికార్డులు ఎన్ని ఉన్నాయో ఒక్క క్వెరీతో తేలిపోతుంది. సోమవారం సీట్లో కూర్చోగానే ఆ క్వెరీ నడపండి.