కెమెరా దిగిన ఫ్లాష్

ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి తీసి పక్కన ఎక్కడో నిలబెట్టి ఫోటో తీయడం ఈ మధ్య వచ్చిన పద్ధతని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫోటోగ్రాఫరు సొంతంగా పుట్టించుకున్న వెలుగు మొదట్నించీ కెమెరాకు ఎడంగానే ఉండేది. మధ్యలో కొన్ని దశాబ్దాలు కెమెరా నెత్తికెక్కి కూర్చుంది.

ఖగోళ శాస్త్రవేత్త చార్లెస్ పియాజీ స్మిత్ 1865లో గీజా గ్రేట్ పిరమిడ్ లోపల మెగ్నీషియం కాల్చి, ఆ వెలుగులో ఫోటోలు తీశాడు. మెగ్నీషియం మండితే కళ్లు చెదిరే తెల్లటి కాంతి వస్తుంది, వెంటనే తెల్లటి పొగ కమ్ముకుంటుంది. 1887లో జర్మనీలో అడోల్ఫ్ మీథే, యోహానెస్ గేడికె కలిసి మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేటు చేర్చి ఫ్లాష్ పౌడరు తయారుచేశారు. అది భగ్గుమని ఒక్క క్షణంలో మండిపోతుంది. న్యూయార్క్ విలేకరి జాకబ్ రీస్ ఆ పొడిని వేపుడు పెనంలో పోసి అంటించి, మురికివాడల చీకటి గదుల్లో జనం ఎలా బతుకుతున్నారో లోకానికి చూపించాడు. ఆ పనిలో నిప్పంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. అప్పట్లో లెన్సు మూత తీయడం, పొడి అంటించడం, మూత పెట్టేయడం, ఇంతే పని. షట్టరుకూ మెరుపుకూ లంకె లేదు కాబట్టి వెలుగును ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునేవారు.

ఆ స్వేచ్ఛకు గండి కొట్టింది 1930 ప్రాంతంలో జర్మనీ నుంచి వచ్చిన ఫ్లాష్ బల్బు. గాజుబుడ్డిలో పల్చటి అల్యూమినియం రేకు, ఆక్సిజన్, బ్యాటరీతో వెలిగించవచ్చు. పొగ లేదు, మంటల భయం లేదు. పత్రికల ఫోటోగ్రాఫర్లు దాన్ని కెమెరాకే బిగించేసుకున్నారు. పరుగెత్తుతూ పనిచేసేవారికి అంతకన్నా సుఖం ఏముంటుంది? కానీ వెలుగు సూటిగా ముఖాన కొడితే ముక్కూ చెంపలూ ఒకే చదునుగా కనిపిస్తాయి, వెనక గోడ మీద నల్లటి నీడ అంటుకుంటుంది. పక్క నుంచి పడితేనే ముఖానికి లోతు, పట్టుచీరకు నేత తెలుస్తాయి.

బల్బులను కెమెరా నుంచి విడదీసి అద్భుతాలు చేసినవాడు ఓ. విన్‌స్టన్ లింక్. అమెరికాలో ఆవిరి ఇంజిన్లు కనుమరుగవుతున్న రోజుల్లో, 1955 నుంచి నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైళ్లను రాత్రిపూట ఫోటోలు తీశాడు. చీకట్లో నల్లటి ఇంజిను, పైగా అది కదులుతోంది. 1956 ఆగస్టులో వెస్ట్ వర్జీనియాలోని యేగర్ అనే ఊళ్లో తీసిన ఫోటో చూడండి. ముందు కార్లలో కూర్చుని ఆరుబయట సినిమా చూస్తున్న జనం, తెర మీద విమానం, వెనక పొగ చిమ్ముతూ దూసుకుపోతున్న రైలు. నలభైకి పైగా బల్బులను తీగలతో కలిపి, రైలు సరిగ్గా చోటుకు రాగానే ఒక్కసారిగా వెలిగించాడు. ఒక బల్బు ఒక్కసారే పనికొస్తుంది. తప్పితే ఆ రైలు మళ్లీ రాదు. ఆ వెలుగుకు తెర మీది బొమ్మ కనబడకుండా పోతే, విమానాన్ని వేరే నెగటివ్ నుంచి చేర్చాడు. ఒక వెలుగును ఎక్కడ పెట్టాలో ఇంతగా ఆలోచించినవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఇప్పుడు మనం వాడే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు మూలం ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల్లో చేసిన పని. కెపాసిటర్‌లో నిల్వచేసిన విద్యుత్తు వాయువు నింపిన గొట్టంలో ఒక్కసారిగా ప్రవహించి మెరుస్తుంది. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. తర్వాత వెలుగు చాలినంత పడగానే సెన్సరే ఆపేసే ఆటో ఫ్లాష్‌లు వచ్చాయి. మొదట్లో మిగిలిన విద్యుత్తు వృథాగా పోయేది, థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు వచ్చాక అది కెపాసిటర్‌లోనే మిగిలి, తర్వాతి మెరుపు త్వరగా సిద్ధమైంది. 1970ల్లో పేరుపడ్డ వివిటార్ 283లో సెన్సరు ఊడదీసి వైరుతో కెమెరా మీద పెట్టి, ఫ్లాష్‌ను చేతిలో పట్టుకోవచ్చు. నా లెక్కలో మామూలు ఫోటోగ్రాఫరుకు ఫ్లాష్ కెమెరా దిగింది అక్కడే.

మిగతా దూరం తీగలు లేకుండా నడిచింది. 2003లో నికాన్ ఎస్‌బీ-800 వెలుగు సంకేతాలతో, 2012లో కేనన్ 600ఈఎక్స్-ఆర్‌టీ రేడియో తరంగాలతో దూరపు ఫ్లాష్‌లను నడిపాయి. మన పెళ్లిళ్లలోనూ గొడుగు లైటు పట్టుకుని తిరిగే సహాయకుడు ఆ వారసత్వంలోని మనిషే.

ఫ్లాష్‌లను పోల్చి కొనేవారికి ఒక మాట. ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరును దూరంతో భాగిస్తే ఎపర్చరు వస్తుంది. ఐఎస్ఓ 100 దగ్గర నంబరు 40 అయితే, 5 మీటర్లకు ఎఫ్/8. కానీ పెట్టె మీది 60 అనే అంకె చాలాసార్లు వెలుగును సన్నగా కూర్చే 200 మి.మీ. జూమ్‌లో కొలిచింది. రెండు ఫ్లాష్‌లనూ ఒకే జూమ్ దగ్గర, 35 మి.మీ. అయితే మరీ మంచిది, పోల్చండి. పాత వివిటార్‌ల ట్రిగ్గర్ వోల్టేజి, అంటే ఫ్లాష్ నుంచి కెమెరా మీద పడే వోల్టేజి, 200 దాటవచ్చు. కొన్ని డిజిటల్ కెమెరాలు 6 వోల్టులకు మించి ఓర్చుకోవు, కాబట్టి కొలవకుండా బిగించకండి. ఇంకా మొదలుపెట్టేవారైతే, ఖరీదైన ఒక్క ఫ్లాష్ కన్నా మాన్యువల్‌లో పనిచేసే చవకైనవి రెండు, ఒక రేడియో ట్రిగ్గరు, ఒక గొడుగు కొనండి.