పోలీస్ యాక్షన్ – సుందర్‌లాల్ నివేదిక – మన బాధ్యత

కుల్కచర్లలో గాని, చుట్టుపట్ల పల్లెల్లో గాని వెనుకటి పెద్దలను వయసు అడిగితే సంవత్సరం చెప్పేవారు కారు. “పోలీస్ యాక్షన్ నాటికి నడక నేర్చిన” అని ఒకరు, “పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు నా షాదీ” అని ఒకరు చెప్పేవారు. ఈ సంగతి మేము తరగతిలో చెప్పగా ఒక పిల్లవాడు లేచి, “సార్, అప్పుడు ఎందరు చనిపోయిండ్రు?” అని అడిగినాడు. మా చేతిలోని పుస్తకంలో తారీఖులున్నవి గాని ఆ లెక్క లేదు. ఆ పిల్లవాడికి ఇవ్వవలసిన జవాబే ఈ వ్యాసము.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినది. 17వ తేదీన నిజాం ఓటమి ఒప్పుకున్నాడు. జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరు అయినారు. యుద్ధము అయిదు రోజుల్లో ముగిసినది గాని, పల్లెల్లో అసలు కష్టము ఆ తరువాతనే మొదలైనది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పుకోవాలి. దానికి ముందటి కష్టాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పరాదు. ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు ఊళ్ళ మీద పడి డబ్బు వసూలు చేసినారు, ఇవ్వని ఊళ్ళను దోచినారు, కాల్చినారు, మనుషులను చంపినారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన ఘోరము తెలంగాణలో మరువని వారు లేరు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదులోనే చంపినారు. ఆయన మనవాడే, రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకే ప్రాణము పోయినది.

సైన్యము వచ్చిన తరువాత ఆ పగ రజాకార్ల మీదనే గాక, ఏ పాపమూ ఎరుగని సామాన్య ముసల్మానుల మీద కూడా పడినది. ఈ వార్తలు ఢిల్లీకి చేరగా ప్రధాని నెహ్రూ ముగ్గురు పెద్దలను పంపించినారు. నాయకుడు పండిట్ సుందర్‌లాల్. ‘భారత్ మే అంగ్రేజీ రాజ్’ అనే గ్రంథము వ్రాసి, దానిని బ్రిటిషువారు నిషేధిస్తే చూసినవారు. రెండవవారు ఖాజీ అబ్దుల్ గఫార్, హైదరాబాదు ‘పయామ్’ దినపత్రిక స్థాపకులు, ఉర్దూ సాహిత్యము చదివినవారికి ‘లైలా కే ఖుతూత్’ రచయితగా సుపరిచితులు. మూడవవారు మౌలానా అబ్దుల్లా మిస్రీ.

వారు నవంబరు చివర వచ్చి డిసెంబరు 21 దాకా తిరిగినారు. 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూసినారు. 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడినారు. తాము విచారణ సంఘము కామని, హిందూ ముస్లిముల మధ్య సఖ్యత పెంచుటకే వచ్చినామని వారే వ్రాసుకున్నారు. అయినా కళ్ళారా చూసినది చెప్పకుండా పోవుటకు వారికి మనసొప్పలేదు. కొన్నిచోట్ల శవాలు ఇంకా కుళ్ళుతున్న బావులను జనము వారికి చూపించినారు.

వారి అంచనా ప్రకారము, తక్కువలో తక్కువ లెక్క వేసినా, రాష్ట్రమంతటా 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయినారు. అందరికంటె ఎక్కువ దెబ్బ తిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఈ నాలుగింటిలోనే 18 వేలకు తక్కువ కాకుండా పోయినారు. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోనివే. కనుక ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు, మన పక్కూరి లెక్క.

నివేదికలో మేము మెచ్చిన గుణము వేరొకటి ఉన్నది. అది ఎవరి పక్షమూ పట్టలేదు. కొన్నిచోట్ల సైనికులే మగవారిని ఊరి బయటకు తెచ్చి చంపినారని వ్రాసినది. అదే కలముతో జనరల్ చౌధురికి మత పక్షపాతము లేదని కూడా వ్రాసినది. రజాకార్ల దౌర్జన్యాలను మరువలేదు. కొన్ని ఊళ్ళలో హిందూ సాలెవారు తమ తోటి ముస్లిం నేతపనివారిని కాపాడబోయి తామే ప్రాణాలు పోగొట్టుకున్నారని వ్రాసిపెట్టినది. ఈ చివరి మాటను మన పిల్లలకు తప్పక చెప్పాలి.

1945లో జపాను సైన్యము ఓడిపోతూ మనీలా నగరంలో పౌరులను ఊచకోత కోసినప్పుడు, ఆ సంవత్సరమే సాక్షులను పిలిచి విచారణ జరిపినారు. అక్కడ ఓడిన ఫౌజు మీద గెలిచినవారు విచారించినారు. గెలిచినవారు తమ మీద తామే విచారించుకొనుట చాలా కష్టము. సుందర్‌లాల్ నివేదికను సర్దార్ పటేల్ ఒప్పుకోలేదు; ప్రభుత్వము అచ్చు వేయలేదు. కొన్ని భాగాలు ఎ.జి. నూరానీ గారి ద్వారా బయటికి వచ్చినవి. 2013లో ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది చదువరులకు దొరికినది. అప్పటికి 65 ఏళ్ళు గడిచినవి.

కాగితము పెట్టెలో ఉంటే నోటి మాట ఊరు తిరుగుతుంది. నేడు సెల్‌ఫోనులో ఒకడు రెండు లక్షలంటాడు, ఇంకొకడు అసలేమీ జరగలేదంటాడు. ప్రతి ఏటా సెప్టెంబరు 17 వస్తే విమోచనమా, విలీనమా అని కొట్లాట. చచ్చిపోయినవారి లెక్క మాత్రము ఎవరూ అడుగరు. “పాత పుండు ఎందుకు గెలకాలి?” అని మన పెద్దలు కొందరు అంటారు. వారి బాధ మాకు తెలుసు. అయితే కడగని పుండు మానదు గదా!

ఆనాటివారు ఇప్పుడు ఏ ఇంట్లోనో ఒకరిద్దరు మిగిలి ఉంటారు. దాదీ చెప్పగా విన్న కొడుకులు, కూతుళ్ళు ఉన్నారు. సభ్యులకు మా మనవి ఇది. ఇంటికొక నోటుబుక్కు పెట్టండి. ఒక పక్క చూసినది, ఒక పక్క విన్నది వ్రాయండి, రెండూ కలపవద్దు. చంపినవాని సంగతి వ్రాసినట్లే, ధాన్యపు గాదెలో దాచి అన్నము పెట్టిన పొరుగింటివాని సంగతీ వ్రాయండి. రజాకార్ల చేత నష్టపోయిన ఇల్లు మీ వీధిలో ఉంటే దానినీ విడువకండి. మనవారి లెక్క ఒక్కటే వ్రాసుకుంటే అది ఫిర్యాదు అవుతుంది. అందరి లెక్కా వ్రాస్తేనే చరిత్ర అవుతుంది.

మా తరగతిలో ఆ పిల్లవాడికి మేము అంకెలు చెప్పినాము. వాడు కాసేపు ఊరకుండి, “మరి వాళ్ళ పేర్లు, సార్?” అన్నాడు. ఆ జవాబు ఏ గ్రంథాలయంలోనూ లేదు. ఉంటే మన ఇళ్ళలోనే ఉన్నది.