గొంగడి త్రిష

గొంగడి త్రిష (జననం: 2005 డిసెంబరు 15) తెలంగాణకు చెందిన క్రికెటర్. కుడిచేతి వాటం ఓపెనర్, లెగ్ స్పిన్నర్. మహిళల అండర్-19 టీ20 ప్రపంచకప్‌ను 2023లోనూ, 2025లోనూ గెలిచిన భారత జట్లలో ఆమె ఉంది. ఆ పోటీల చరిత్రలో తొలి సెంచరీ ఆమెదే.

పుట్టింది భద్రాచలంలో. అప్పట్లో ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. రాములవారి దర్శనం చేసుకుని, అక్కణ్నుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరాన ఉన్న పర్ణశాలకు బయల్దేరే యాత్రికులతో ఏడాది పొడుగునా కదిలే ఊరు. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పల్లెలకు అదే పట్నం. క్రికెటర్ల కోసం సెలెక్టర్లు గాలించే తావు మాత్రం కాదు.

తండ్రి హాకీ ఆడినవారు. ఐటీసీలో ఫిట్‌నెస్ శిక్షకుడిగా పనిచేస్తూ ఊళ్లో జిమ్ నడిపేవారు. బిడ్డను క్రికెటర్‌ని చేయాలని ముందే అనుకున్నారు కనుక నడక కుదిరీ కుదరకముందే ఆమె చేతికి ప్లాస్టిక్ బ్యాటు వచ్చింది. ఆట కుదురుతోందని తోచాక కుటుంబం సికింద్రాబాద్‌కు మకాం మార్చింది. జిమ్ అమ్మేశారు. తర్వాత నాలుగెకరాల పొలం కూడా పోయిందని ఆయనే పత్రికలకు చెప్పారు. అమెరికాలో ఫుట్‌బాల్‌ను వృత్తిగా ఎంచుకునే కుర్రవాడికి హైస్కూలు, కాలేజీ జట్లే మెట్లు. మన్యం అంచున పుట్టిన ఆడపిల్లకు ఆ మెట్లు ఇంటివాళ్లే కట్టుకోవాలి. త్రిష విజయాల లెక్కలో ఈ పద్దు ముందు రాయాలి.

సికింద్రాబాద్‌లో ఆమె చేరింది సెయింట్ జాన్స్ అకాడమీలో, కోచ్ జాన్ మనోజ్ దగ్గర. మిథాలీ రాజ్ కూడా చిన్నప్పుడు ఓనమాలు దిద్దుకున్నది సెయింట్ జాన్స్‌లోనే. హైదరాబాద్ జట్లలో తనకంటే చాలా పెద్దవాళ్లతో ఆడుతూ త్రిష పైకొచ్చింది.

2023 జనవరి 29న దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్‌లో జరిగిన అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ 68 పరుగులకే కుప్పకూలింది. చిన్న లక్ష్యమే అయినా ఓపెనర్లు త్వరగానే వెనుదిరిగారు. త్రిష 29 బంతుల్లో 24 చేసి, సౌమ్యా తివారీతో కలిసి ఇన్నింగ్స్‌ను గట్టెక్కించింది. భారత మహిళలకు అదే మొదటి ఐసీసీ కప్పు.

2024 డిసెంబరు 15న బెంగళూరులో మహిళల ప్రీమియర్ లీగ్ వేలం జరిగింది. ఆమె పందొమ్మిదో పుట్టినరోజు కూడా అదే. తనతో ఓపెనింగ్ చేసే కమలినిని ముంబై 1.6 కోట్లకు కొనుక్కుంది. త్రిషను ఎవరూ తీసుకోలేదు. వారం తిరిగేసరికి, కౌలాలంపూర్‌లో అండర్-19 ఆసియాకప్ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద భారత్ చేసిన 117లో 52 ఆమెవి. భారత్ 41 పరుగుల తేడాతో గెలిచింది.

మలేసియాలో జరిగిన 2025 ప్రపంచకప్పే ఆమెను ఇంటింటికీ పరిచయం చేసింది. జనవరి 28న స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్: 13 ఫోర్లు, 4 సిక్సర్లు. కమలినితో తొలి వికెట్‌కు 147. స్కోరు 208 దాకా వెళ్లింది, పడింది ఒక్క వికెట్టే. అంతటితో ఆగలేదు. బంతి పట్టి ఆరు పరుగులకే మూడు వికెట్లు తీసింది. స్కాట్లండ్ 58కే ఆలౌట్. సెంచరీ కొట్టిన చేత్తోనే వికెట్లూ తీయడం ఏ స్థాయి క్రికెట్‌లోనైనా అరుదే.

ఫిబ్రవరి 2 ఫైనల్లోనూ అదే తంతు. 15 పరుగులకు మూడు వికెట్లు, దక్షిణాఫ్రికా 82. తర్వాత 33 బంతుల్లో 44 నాటౌట్, తొమ్మిది వికెట్ల గెలుపు. మొత్తం ఏడు మ్యాచుల్లో 309 పరుగులు, ఏడు వికెట్లు. ఒకే టోర్నీలో అత్యధిక పరుగులుగా శ్వేతా సెహ్రావత్ పేరిట ఉన్న 297 రికార్డు చెరిగిపోయింది. ఫైనల్లోనూ, టోర్నీలోనూ ఉత్తమ క్రీడాకారిణి బహుమతులు రెండూ త్రిషకే. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది.

2025 నవంబరులో మహిళల ప్రీమియర్ లీగ్ వేలం మళ్లీ జరిగింది. ఈసారి యూపీ వారియర్జ్ ఆమెను తీసుకుంది.