అమ్మమ్మగారింటి తలుపు

మొన్న మా అక్క కొడుకు మా కరీంనగర్ ఇంట్లో అటక ఎక్కి, పాత టేకు తలుపు రెక్కొకటి కిందికి దింపాడు. “చిన్నమ్మా, దీంతోని ఎలక్ట్రిక్ గిటారు చేస్త” అన్నాడు.

అమ్మ గుండె గుభేలుమంది. అది మా అమ్మమ్మగారింటి తలుపు. 1985లో పూర్తయిన దిగువ మానేరు డ్యాములో ఆ ఊరు మునిగింది. ఇల్లు విప్పి బండ్లకెత్తిన సామానులో మాకు మిగిలింది ఇదొక్కటే.

“ఊరు బాయె, ఇల్లు బాయె. తలుపన్న ఉండనియ్యరాదుర?”

గిటారు కొనుక్కునేది గానీ ఇంట్లో చేసేదేమిటని నేనూ విసుక్కున్నాను. తీరా చదివితే, ఎలక్ట్రిక్ గిటారు మొదలైందే ఇంట్లో సుమండీ! 1931లో లాస్ ఏంజెలస్‌లో జార్జ్ బీచమ్ అనే ఆయన భోజనాల బల్ల మీదే ప్రయోగాలు చేశాడు. అయస్కాంతాల దగ్గర పెట్టే రాగితీగ చుట్ట కోసం బట్టలుతికే మిషను మోటారు పీకాడట. ఆ ఇంటావిడ ఆ వారం బట్టలెలా ఉతుక్కుందో పాపం! పైన ఉక్కు తీగ కదిలితే రాగిచుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఇక నాదానికి డొల్ల పొట్ట అక్కర్లేదు, గట్టి చెక్క చాలు. ఆ మొదటి గిటారు ఆకారం చూసి జనం దాన్ని ‘పెనం’ అన్నారు.

నాకు మరీ నచ్చినవాడు బ్రయన్ మే. 1963లో, ఇంకా కుర్రాడుగా ఉన్నప్పుడే, తండ్రితో కలిసి లండన్ దగ్గర ఇంట్లోనే గిటారు మొదలుపెట్టాడు. పాత చలిమంట గూటి చెక్కతో దండె చెక్కాడు. పురుగు తొలిచిన కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చాడు. మెట్ల మధ్య చుక్కలకు వాళ్లమ్మ ముత్యపుచిప్ప గుండీలు, ఇంకోచోట ఆవిడ అల్లిక సూది ముక్క! ఆ తర్వాత ‘క్వీన్’ బృందంలో లోకమంతా తిరిగి వాయించింది ఆ గిటారే.

మెట్లంటే గుర్తొచ్చింది. వెదురు దండె, సొరబుర్రలతో కట్టే కిన్నెర మనకుండనే ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గిటారులోనూ పన్నెండో మెట్టుకు ప్రత్యేకత ఉంది. తీగ 24 అంగుళాలైతే అది సరిగ్గా 12 అంగుళాల దగ్గర పడాలి. అక్కడ నొక్కితే పై స్థాయి పలుకుతుంది. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే.

మావాడు ఆ కొలతలన్నీ తలుపు మీదే పెన్సిలుతో గీశాడు. టేకులో నూనె ఉంటుంది, గరుకు కాగితంతో రుద్ది వెంటనే అంటించకపోతే జిగురు పట్టదని వడ్రంగి హెచ్చరించాడు.

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు తనే వచ్చి తలుపు పక్కన కూర్చుంది. గొళ్లెం రాసుకుని అరిగిన చోటు చేత్తో తడిమింది.

“ఇక్కడ మాత్రం కొయ్యకు” అంది. కాసేపాగి, “నీళ్లు తగలనియ్యకు బిడ్డా” అంది.