మోచేతి మడత: ఫస్ద్ వైద్యంలో సిర, ధమని, నాడి

తెలుగు వాడుకలో ‘నరం’ అనే ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. సూది వేసేది నరానికే, మణికట్టు దగ్గర కొట్టుకునేది నరమే, దెబ్బ తగిలితే జివ్వుమనేదీ నరమే. మాటల్లో ఈ కలగలుపు వల్ల నష్టమేమీ లేదు. కాని కత్తి చేతబట్టిన వైద్యునికి సిర, ధమని, నాడి వేరువేరుగా తెలియకపోతే రోగి ప్రాణానికే ముప్పు. మధ్యయుగపు ముస్లిం వైద్యులు ఈ తేడాను ఎంత శ్రద్ధగా గ్రంథస్థం చేశారో మోచేతి మడతను గురించిన వారి రచనలు తెలుపుతాయి.

ఈ జ్ఞానానికి పునాది అనువాదం. 9వ శతాబ్దంలో బాగ్దాదులో క్రైస్తవ విద్వాంసుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం క్రీ.శ. 873), ఆయన సహచరులు గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలను అరబీలోకి తెచ్చారు. శరీర విచ్ఛేదన పద్ధతులపై గాలెన్ రాసిన 15 భాగాల గ్రంథంలో చివరి భాగాలు గ్రీకులో నశించాయి. వెన్నుపాము నుండి వెలువడే నాడుల వర్ణన సహా ఆ భాగాలు నేటికి దక్కింది అరబీ అనువాదం వల్లనే. సిరకు ‘వరీద్’, ధమనికి ‘షిర్యాన్’, నాడికి ‘అసబ్’ అనే పదాలు వైద్యుల భాషలో స్థిరపడ్డాయి.

సిరను కోసి రక్తం తీసే చికిత్సను ‘ఫస్ద్’ అంటారు. అందుకు మోచేతి వద్ద ముఖ్యమైన సిరలు మూడు: వెలుపలి వైపు ఖీఫాల్, నడుమ అక్‌హల్, లోపలి వైపు బాసలీఖ్. ఇబ్నె సీనా (980–1037) ‘అల్ ఖానూన్’లో వీటి పేర్లు చెప్పి ఊరుకోలేదు, ఏ సిర కింద ఏముందో చెప్పాడు. బాసలీఖ్ కింద ధమని ఉంది, అది తెగితే రక్తం ఆగడం కష్టం. అక్‌హల్ కింద నాడి ఉంది, కనుక నిలువుగానే కోయాలి. స్పెయిన్‌కు చెందిన శస్త్రవైద్యుడు అజ్జహ్రావీ కూడా ‘అత్తస్రీఫ్’ 30వ భాగంలో ఇదే హెచ్చరిక చేశాడు. కోతకు ముందు వేలితో తడిమి, ధమని కొట్టుకునే చోటు గుర్తించి, దానిని తప్పించాలన్నాడు.

వారి జ్ఞానానికి హద్దులు లేకపోలేదు. గాలెన్ విచ్ఛేదన చేసినది ఎక్కువగా కోతులను. రక్తప్రసరణను హార్వే 1628లో నిరూపించే వరకు సిరలకూ ధమనులకూ గల అసలు సంబంధం స్పష్టపడలేదు. శరీర ద్రవాల సమతౌల్యం కోసం రక్తం తీయాలన్న సిద్ధాంతాన్ని నేటి వైద్యం అంగీకరించదు. సిద్ధాంతం తొలగిపోయింది, జాగ్రత్త మాత్రం నిలిచింది.

12వ శతాబ్దంలో టొలెడోలో క్రెమోనా వాసి జెరార్డ్ ఈ రెండు గ్రంథాలలో ‘ఖానూన్’నూ, ‘తస్రీఫ్’లోని శస్త్రవైద్య భాగాన్నీ లాటిన్‌లోకి అనువదించాడు. గ్రీకు మూలం గల ‘బాసలీఖ్’ అరబీ మీదుగా లాటిన్ చేరి, నేటి వైద్య విద్యార్థులు చదివే ‘బాసిలిక్’ సిరగా నిలిచింది. పరీక్ష కోసం రక్తం తీసేవారికి ఈనాటికీ అదే బోధ: లోపలి వైపు సిరను చివరి అవకాశంగానే ఎంచుకోవాలి, దాని సమీపంలో ధమనీ నాడీ ఉన్నాయి. పరీక్షాకేంద్రంలో చేయి చాచిన రోగికి ఇబ్నె సీనా పేరు తెలియకపోవచ్చు. సూది పట్టిన చేయి పాటించే మెలకువ మాత్రం వెయ్యేళ్ల క్రితం ఆయన రాసి ఉంచినదే.